షాపు పన్ను మూడింతలైంది, పైన "అనధికార నిర్మాణం" పెనాల్టీ. అద్దెకున్నవాడు కట్టాలా?

షట్టర్ నెం.3 | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఊరి పేరు రాయను, మా ఓనరు కూడా ఈ గ్రూపులో ఉన్నాడని అనుమానం. ఉమ్మడి విజయనగరం జిల్లాలో ఒక మున్సిపాలిటీ అనుకోండి. మెయిన్ రోడ్డు మీద రెండంతస్తుల ఇల్లు, కింద నాలుగు షట్టర్లు. మూడోదాంట్లో నాది సెల్ యాక్సెసరీస్, రీచార్జి షాపు. పైన రెండు పోర్షన్లలో ఓనరు, వాళ్ళ అబ్బాయి ఉంటారు.

మొన్న ఓనరు పేరున మున్సిపాలిటీ స్పెషల్ నోటీసు వచ్చింది. ఇంతకుముందు అర్ధసంవత్సరానికి 2,870 వచ్చేది. ఇప్పుడు 9,164. ఓనరు ఫోటో పెట్టాడు, అందులో ఇలా ఉంది: వినియోగం నివాసేతరం, పన్ను 5,800, లైబ్రరీ సెస్సు 464, అనధికార నిర్మాణ పెనాల్టీ 2,900. "మీ షాపుల వల్లే కదా ఇదంతా, నలుగురూ తలా 2,291 పంచుకోండి" అంటున్నాడు. వార్డు సచివాలయంలో అడిగితే ట్రేడ్ లైసెన్సు రెన్యువల్ కూడా ఈసారి కష్టం అన్నారు. ఒకటే టెన్షన్. తెలిసినవాళ్ళు చెప్పండి, ఇది నేను కట్టాలా?

గాజుల కొట్టు | సోమవారం, రాత్రి 9:58

కట్టొద్దు బ్రదర్. ఒకసారి కట్టావంటే ప్రతి ఆర్నెల్లకీ నీ నెత్తినే. అగ్రిమెంటులో ఏం రాసుందో ముందు చూడు.

షట్టర్ నెం.3 | సోమవారం, రాత్రి 10:05

"కరెంటు, మున్సిపల్ చార్జీలు అద్దెదారుడివి" అని ఉంది. పన్ను అన్న మాట లేదు.

పాత బిల్ కలెక్టర్ | మంగళవారం, ఉదయం 6:15

పొద్దున్నే లేచి ఇది చూశాను. రిటైరయ్యాక కూడా ఈ నోటీసులు నన్ను వదలట్లేదు.

బాబూ, ముందు ఆ 9,164 ని ముక్కలు చెయ్యి. పంచుకునే సంగతి తర్వాత. ఆ బిల్లు మొత్తం బిల్డింగుది. పైన రెండు పోర్షన్లు ఇళ్ళే కదా? మరి కాగితం మీద మొత్తం "నివాసేతరం" అని ఎలా పడింది? మన రాష్ట్రంలో 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి పన్ను మూలధన విలువ మీద, అంటే స్థలానికీ కట్టడానికీ ఉన్న రిజిస్ట్రేషన్ విలువ మీద వేస్తున్నారు. 2020 నవంబరులో జీవో 198 వచ్చింది. అంతకుముందు అద్దె విలువ మీద ఉండేది. ఇప్పుడు ఇళ్ళకి మూలధన విలువలో 0.10 నుంచి 0.50 శాతం లోపు, షాపులూ ఆఫీసులకి 0.20 నుంచి 2 శాతం లోపు. అంటే ఇల్లు ఒక రేటు, షట్టరు ఒక రేటు. రెండూ విడివిడిగా లెక్కకట్టి కలపాలి. మొత్తం ఇంటిని షాపు రేటులో వేసేశారేమో అని నా అనుమానం. మీ ఓనరు అది గమనించకుండా మీ నలుగురి మీదకి తోసేస్తున్నాడు.

లైబ్రరీ సెస్సు పన్ను మీద 8 శాతం, కాబట్టి 464 సరిపోయింది. పెనాల్టీ 2,900 అంటే పన్నులో సరిగ్గా సగం. అనుమతించిన ప్లానుకి పది శాతం లోపు తేడా ఉంటే 25, పది దాటితే 50, అసలు అనుమతే లేని అంతస్తుకో కట్టడానికో అయితే 100 శాతం వేస్తారు. మీకు 50 వేశారంటే ఎవరో టేపు పట్టి కొలిచి ఉండాలి. ఆ కొలతల కాగితం అడగండి. చాలాసార్లు అది ఉండదు.

ఇక ఎవరు కట్టాలంటే, చట్టం దృష్టిలో మొదటి బాధ్యుడు యజమానే. ఆయన కట్టకపోతే ఉంటున్నవాడి దగ్గర వసూలు చెయ్యొచ్చు, అప్పుడు మీరు కట్టింది అద్దెలో తగ్గించుకోవచ్చు. అగ్రిమెంటులో స్పష్టంగా వేరేలా రాసుకుంటే అది మీ ఇద్దరి మధ్య సంగతి. "మున్సిపల్ చార్జీలు" అంటే నీళ్ళూ లైసెన్సూ అని మీరు వాదించొచ్చు. పన్ను కూడా అని ఆయన వాదిస్తాడు. పెనాల్టీ మాత్రం ఏ లెక్కన చూసినా ఇల్లు కట్టించినవాడిదే, అద్దెకొచ్చినవాడిది కాదు.

గాజుల కొట్టు | మంగళవారం, ఉదయం 7:30

15 శాతం కంటే పెంచకూడదు కదా మాస్టారూ? మాకు ఏటా అంతే పెరుగుతోంది.

పాత బిల్ కలెక్టర్ | మంగళవారం, ఉదయం 7:52

ఆ పరిమితి ఉన్న కట్టడానికి, ఉన్న వాడకానికి. కొత్తగా కట్టినా, ఇంటిని షాపు చేసినా పాత పన్నుతో పోల్చరు, మళ్ళీ మొదట్నుంచి లెక్క కడతారు. ఇతనికి పడింది అదే.

15 శాతాన్ని కూడా చిన్నగా చూడకండి. 4,000 పన్ను మరుసటేడు 4,600, తర్వాత 5,290, ఆ తర్వాత 6,084, అలా ఐదో పెంపుకి 8,000 దాటిపోతుంది. కొత్త పద్ధతి ప్రకారం రావాల్సిన పన్నుని అందుకునేదాకా ఇలా ఎక్కుతూనే ఉంటుంది. పైగా రిజిస్ట్రేషన్ శాఖ మార్కెట్ విలువ పెంచితే ఆ గమ్యం కూడా ముందుకి జరుగుతుంది. ఆలస్యమైతే నెలకి 2 శాతం వడ్డీ, ఏడాదికి 24. మామూలు బ్యాంకు లోన్లకి కూడా అంత ఉండదు. తగువు ఉన్నా సరే, ఒప్పుకున్న మేరకు కట్టేసి రసీదు దగ్గర పెట్టుకోండి.

సిమెంటు బస్తా | మంగళవారం, మధ్యాహ్నం 1:20

నేను ఎల్‌టీపీని, అంటే లైసెన్సున్న టెక్నికల్ పర్సన్‌ని, ప్లాన్లు గీసి అప్‌లోడ్ చేసే పని. ఎవరూ అడగని ప్రశ్న ఒకటి. ఆ నాలుగు షట్టర్లు ఉన్నచోట ప్లానులో ఏముంది?

నా అంచనా చెప్తాను. మెయిన్ రోడ్డు, రెండు పోర్షన్లు, కింద వరసగా నాలుగు షట్టర్లు. ప్లానులో కింద "స్టిల్టు పార్కింగ్" అని, అంటే స్తంభాల మధ్య బళ్ళకి వదిలిన ఖాళీ అని ఉంటుంది. స్లాబ్ పడ్డాక స్తంభాల మధ్య ఇటుక కట్టి షట్టర్లు దించేస్తారు. విజయనగరం నుంచి ఇచ్ఛాపురం దాకా ఏ ఊరికైనా వెళ్ళండి, సగం మెయిన్ రోడ్లు ఇలాగే ఉంటాయి. స్తంభానికి ఇటుక గోడ ఎక్కడ అతుక్కుందో చూస్తే చాలు, ప్లాస్టరింగులో సన్నని నిలువు పగులు కనిపిస్తుంది. 

2017 బిల్డింగ్ రూల్స్, అంటే జీవో 119 ప్రకారం సెట్‌బ్యాక్ (చుట్టూ వదలాల్సిన ఖాళీ), ఎత్తు, పార్కింగ్ అన్నీ స్థలం సైజుని బట్టి, రోడ్డు వెడల్పుని బట్టి ఉంటాయి. పెద్ద కట్టడాలకి 10 శాతం ఏరియా మున్సిపాలిటీకి తనఖా పెట్టాలి, ప్లాను ప్రకారమే కట్టారని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే విడిపిస్తారు. చిన్నవాటికి ఆ భయం లేదు. అందుకే ఆక్యుపెన్సీ కోసం ఎవడూ వెళ్ళడు. ఇప్పుడు 2025 లో సెల్ఫ్ సర్టిఫికేషన్ కూడా వచ్చింది. మేం సంతకం పెడితే నడిచిపోతుంది, తేడా వస్తే మా లైసెన్సు పోతుంది. ఓనర్లు మాత్రం "నువ్వు గీసెయ్, తర్వాత చూసుకుందాం" అంటారు. ఎవరు చూసుకుంటారండీ? నేను!

కోట దగ్గర కుర్రోడు | మంగళవారం, మధ్యాహ్నం 2:05

నాకు ఎవరిమీదా జాలి కలగట్లేదు. స్టిల్టులో షాపులు పెడతారు, ఆ షాపుకొచ్చేవాళ్ళ బళ్ళు రోడ్డు మీద. విజయనగరంలో గంటస్తంభం నుంచి మూడు లాంతర్ల దాకా సాయంత్రం ఆరు తర్వాత స్కూటర్ మీద వెళ్ళి చూడండి. పైడితల్లి జాతర సిరిమాను రోజు ఒక్కరోజు మాత్రం ఆ రోడ్డు ఎంత వెడల్పో తెలుస్తుంది, మళ్ళీ మర్నాడు మామూలే. పన్ను మూడింతలు కాదు, పది ఇంతలు వెయ్యాలి.

మా నాన్న రూలు ప్రకారం మూడువైపులా స్థలం వదిలి కట్టాడు. పక్కాయన గోడకి గోడ కట్టాడు. 2007 లో బీపీఎస్ (డబ్బు కట్టించుకుని అక్రమ కట్టడాన్ని సక్రమం చేసే పథకం), 2015 లో బీపీఎస్, 2019 లో ఇంకోటి, మళ్ళీ 2025 లో. ప్రతిసారీ "ఇదే ఆఖరు" అంటారు. ఆయన డబ్బు కట్టి సక్రమం అయిపోయాడు, వదిలిన స్థలంలో మేం కనకాంబరాలు పెంచుకుంటున్నాం.

షట్టర్ నెం.3 | మంగళవారం, మధ్యాహ్నం 2:30

అన్నా, మీ కోపం న్యాయమే. కానీ స్టిల్టో సెల్లారో నేను కట్టలేదు కదా. నాకు షట్టరు ఎత్తి చూపించారు, అడ్వాన్సు తీసుకున్నారు. ఏ షాపుకెళ్ళి "ప్లాను చూపించండి" అంటే అద్దెకిస్తారు?

జీడిపిక్క | మంగళవారం, సాయంత్రం 5:45

పలాస నుంచి. మాకు పక్కా షెడ్డు, ప్లానూ ఉంది, పార్కింగ్ గొడవే లేదు. అయినా బాధ తప్పట్లేదు. జీడిపప్పు పని ఏడాదంతా ఒకేలా నడవదు, పిక్కల రేటు పెరిగితే బట్టీ ఆపేస్తాం. పన్ను మాత్రం షెడ్డు చదరపు అడుగుల మీద, స్థలం విలువ మీద. నడిచినా ఆగినా ఒకటే. పాత అద్దె విలువ పద్ధతిలో కనీసం "ఈ వీధిలో అద్దె ఇంతే" అని వాదించే వీలుండేది. ఇప్పుడు పక్కన ఎవడో ప్లాటు ఎక్కువకి రిజిస్టర్ చేయించుకుంటే నా షెడ్డు విలువ పెరిగినట్టేనట. నేనేమీ అమ్ముకోవట్లేదే!

ట్రేడ్ లైసెన్సు ఫీజు వేరే. ఇదంతా ఎవరు నిర్ణయిస్తారో తెలిస్తే వాళ్ళ దగ్గరకే వెళ్ళి అడుగుతాం. కౌన్సిలర్ని అడిగితే "పైనుంచి వచ్చిందన్నా" అంటాడు.

నాగావళి మాస్టారు | మంగళవారం, రాత్రి 8:10

"పైనుంచి వచ్చింది" అన్నది అబద్ధం కాదు. అక్కడే అసలు విషయం ఉంది.

2020 లో కరోనా సమయంలో రాష్ట్రాలకి కేంద్రం అదనపు అప్పులకి అనుమతి ఇచ్చింది, దానికి కొన్ని సంస్కరణల షరతులు పెట్టింది. పట్టణ సంస్థల సంస్కరణకి రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 0.25 శాతం అదనపు అప్పు. షరతుల్లో ఒకటి ఆస్తి పన్నుని రిజిస్ట్రేషన్ విలువతో ముడిపెట్టడం. దాన్ని మొదట పూర్తిచేసిన రాష్ట్రాలు మధ్యప్రదేశ్, మన ఆంధ్రప్రదేశ్. అంటే పలాస షెడ్డు పన్ను పద్ధతి మారడానికి పలాసలో జరిగిన చర్చ ఏదీ కారణం కాదు. ఢిల్లీలో షరతు పెట్టారు, అమరావతిలో చట్టం సవరించారు, మీ కౌన్సిల్‌కి 0.20 కీ 2 కీ మధ్య ఒక అంకె ఎంచుకునే పని మిగిలింది. అది కూడా అధికారులు తయారుచేసి తెచ్చిన అంకే.

భవనాల సంగతీ అంతే. 74 వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ నుంచి అమల్లోకి వచ్చింది. పన్నెండో షెడ్యూలులో 18 అంశాలున్నాయి. మొదటిది పట్టణ ప్రణాళిక, రెండోది భూ వినియోగం, భవన నిర్మాణ నియంత్రణ. మొదటి రెండే! మరి మన దగ్గర మాస్టర్ ప్లాను ఎవరిది? విజయనగరానికి వీఎంఆర్‌డీఏ, శ్రీకాకుళానికి సుడా అనే పట్టణాభివృద్ధి సంస్థలవి. వాటికి చైర్మన్లని ప్రభుత్వం వేస్తుంది, జనం ఎన్నుకోరు. ప్లాను అనుమతి ఆన్‌లైన్లో, చూసేది టౌన్ ప్లానింగ్ సిబ్బంది. కమిషనర్‌ని నియమించేది ప్రభుత్వం. కౌన్సిల్ తీర్మానాన్ని నిలిపివేసే అధికారమూ ప్రభుత్వానికి ఉంది. కౌన్సిలర్ చేతిలో ఉన్నది మైకు ఒక్కటే.

ఇక మా శ్రీకాకుళం చూడండి. మీకు "పైనుంచి వచ్చింది" అని చెప్పడానికైనా ఒక మనిషి దొరికాడు. మాకు 2010 లో పాలకవర్గం గడువు తీరింది. చుట్టుపక్కల పంచాయతీల విలీనం, కోర్టు కేసులు, ఈలోగా 2015 లో కార్పొరేషన్ హోదా. 2021 మార్చిలో విజయనగరంలో యాభై డివిజన్లకి ఓట్లు వేశారు, మేం టీవీలో చూశాం. మున్సిపాలిటీ గడువు ఐదేళ్ళు, అంతకుమించి కాదు అని రాజ్యాంగం 243-యు లో రాసి ఉంది. ఎన్నికైన పాలకవర్గం లేనప్పుడు నడిపే ప్రత్యేకాధికారి ఎన్నాళ్ళు ఉండొచ్చో మాత్రం మా ఊరు వచ్చి చూడాలి. 1856 నాటి మున్సిపాలిటీ ఇది.

కోట దగ్గర కుర్రోడు | మంగళవారం, రాత్రి 8:32

మాస్టారూ, గౌరవంగానే అడుగుతున్నా. ప్లాను అనుమతి కార్పొరేటర్ చేతికిస్తే బాగుపడుతుందా? మా వీధిలో మూడో అంతస్తు లేస్తుంటే కంప్లయింట్ ఇచ్చాం. సిబ్బంది వచ్చి పని ఆపించారు. మర్నాడు లోకల్ లీడరు వచ్చి మొదలుపెట్టించాడు. ఎన్నికైనవాడు ఎప్పుడైనా కట్టేవాడి వైపే. ఓటు ఉన్నది వాడికి, ఆ రోడ్డు మీద వెళ్ళేవాడికి కాదు.

నాగావళి మాస్టారు | మంగళవారం, రాత్రి 8:55

కార్పొరేటర్ సంతకంతో ప్లాను రావాలని నేననలేదు బాబూ. ప్లాను చూసేది ఇంజనీరే, అది అలాగే ఉండాలి. కానీ ఈ ఊళ్ళో ఏ రోడ్డు మీద షాపులు ఉండొచ్చు, పార్కింగ్ ఎక్కడ, పన్ను రేటు ఎంత, పాత బకాయిలు ఎవరివి, ఈ నాలుగూ కౌన్సిల్లో లెక్కలతో చర్చ జరగాలి. చర్చ జరిగిన చోట మీరు కూడా వెళ్ళి గ్యాలరీలో కూర్చుని వినొచ్చు, బయటికొచ్చాక అడగొచ్చు. మూడో అంతస్తు లేపించిన లీడరుకి పదవి ఉందా లేదా చెప్పండి చూద్దాం?

కోట దగ్గర కుర్రోడు | మంగళవారం, రాత్రి 9:01

లేదు. వాళ్ళ ఆవిడకుంది.

పాత బిల్ కలెక్టర్ | మంగళవారం, రాత్రి 9:20

హహ. ఇదే నేను ముప్ఫై ఏళ్ళు చూసింది.

బకాయిల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. మార్చి వస్తే కిరాణా కొట్టు ముందు నిలబడి మైకులో పేరు చదివించేవాళ్ళం. ప్రభుత్వ ఆఫీసుల బకాయిల జాబితా మాత్రం ఫైల్లోనే. కేంద్ర ప్రభుత్వ ఆస్తులకి రాజ్యాంగం 285 ప్రకారం పన్నే లేదు, సేవా రుసుము అడుక్కోవాలి. రాష్ట్ర శాఖలు "బడ్జెట్ రాలేదు" అంటాయి. చివరికి టార్గెట్ పూర్తి కావాలంటే ఇలాంటి షట్టర్లే దిక్కు. వినియోగ మార్పు సర్వే అనేది సాధారణంగా ఏ నెలల్లో మొదలవుతుందో గమనించండి.

జీడిపిక్క | మంగళవారం, రాత్రి 9:34

ఏప్రిల్ 30 లోపు ఏడాదంతా ఒకేసారి కడితే 5 శాతం తగ్గుతుంది, అది నేను వాడుకుంటున్నా. చెత్త పన్ను 2024 లో తీసేశారు. ఇంతకుమించి శుభవార్త మాకు లేదు.

నల్లకోటు | బుధవారం, ఉదయం 10:10

ట్రేడ్ లైసెన్సు గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

2024 డిసెంబరు 17 న సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్ మీరట్ కేసులో తీర్పు ఇచ్చింది. నివాస స్థలంలో కట్టిన దుకాణాల గొడవే అది కూడా. అందులో దేశమంతటికీ వర్తించే ఆదేశాలు ఇచ్చారు: ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే కరెంటు, నీళ్ళ కనెక్షన్లు ఇవ్వాలి, బ్యాంకులు కూడా అది చూశాకే లోన్లు ఇవ్వాలి, అనధికార భవనంలో ఏ వ్యాపారానికీ లైసెన్సు ఇవ్వకూడదు. సచివాలయంలో "ఈసారి కష్టం" అన్నది బెదిరింపు కాకపోవచ్చు.

అలాగని రేపే వచ్చి కొట్టేస్తారని భయపడొద్దు. అదే ఏడాది నవంబరు 13 న ఇంకో తీర్పులో కూల్చివేతకి కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని, వివరణ వినాలని చెప్పారు. రోడ్డు, ఫుట్‌పాత్, రైల్వే లైను, నీటి వనరుల మీద కట్టినవాటికి ఆ రక్షణ లేదు.

పెనాల్టీతో పన్ను కట్టినంత మాత్రాన కట్టడం సక్రమం అయిపోదు. పన్ను పన్నే, అనుమతి అనుమతే. ఓనరు బీపీఎస్‌లో దరఖాస్తు పెడితే, గడువు ఉంటే, వేరే దారి. చెరువు గర్భం, ప్రభుత్వ భూమి, రోడ్డు విస్తరణలో పోయే భాగం అయితే అదీ కుదరదు.

సిమెంటు బస్తా | బుధవారం, ఉదయం 11:02

రోడ్డు విస్తరణ అన్నారు కాబట్టి, షట్టర్ గారూ, మీ మెట్టు రోడ్డు అంచు నుంచి ఎన్ని అడుగులుంది? మాస్టర్ ప్లానులో ఆ రోడ్డు వెడల్పు ఎంత వేశారో చూడండి. చాలా ఊళ్ళలో 40 అడుగుల రోడ్డుకి ప్లానులో 60 ఉంటుంది. అప్పుడు సగం షట్టరు కాగితం మీద రోడ్డులోనే ఉన్నట్టు.

షట్టర్ నెం.3 | గురువారం, రాత్రి 10:15

ఇవాళ్టి సంగతి. సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను: మంజూరైన ప్లాను నకలు, కొలతల షీటు, వినియోగ మార్పు ఏ తేదీన నమోదు చేశారు, మూడూ అడిగాను. 30 రోజులు టైముంది.

ఓనరుతో కూర్చున్నాం, నలుగురం. నాలుగో షట్టరు టైలరు గారు పెద్దమనిషి, ఆయన మాట్లాడారు. పైపోర్షన్లు కూడా షాపు రేటులో పడ్డాయని పాత బిల్ కలెక్టర్ గారు చెప్పింది చూపిస్తే ఓనరు ముఖం మారింది. అప్పటిదాకా అది తన డబ్బు అనుకోలేదు మరి. రివిజన్ పిటిషన్ తనే వేస్తానన్నాడు, నోటీసులో ఇచ్చిన గడువు ఇంకా ఉంది. పెనాల్టీ తనదే అని ఒప్పుకున్నాడు, కానీ రాసివ్వమంటే "నా మాట మీద నమ్మకం లేదా" అన్నాడు. షాపుల పన్ను తేడా ఎంతో తేలాక మేం భరిస్తాం అన్నాం, దాంట్లో నాకు అభ్యంతరం లేదు.

బీపీఎస్ గురించి అడిగితే మాత్రం "చూద్దాం" అన్నాడు. అంటే ప్లానులో పార్కింగే ఉందన్నమాట.

గాజుల కొట్టు | గురువారం, రాత్రి 10:21

రాసివ్వకపోతే నమ్మొద్దు బ్రదర్. కనీసం వాట్సాప్‌లో పెట్టించు.

నల్లకోటు | గురువారం, రాత్రి 10:40

అవును, మెసేజ్ అయినా మేలే. అగ్రిమెంటు రెన్యువల్ ఎప్పుడు? ఆస్తి పన్ను, పెనాల్టీ, లైసెన్సు రాకపోతే అడ్వాన్సు వాపసు, ఈ మూడూ విడివిడి క్లాజులుగా రాయించండి. అడ్వాన్సు సంగతి ముఖ్యం.

నాగావళి మాస్టారు | శుక్రవారం, ఉదయం 6:50

పిటిషన్‌తోపాటు సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా ఒక అర్జీ ఇవ్వండి. పన్ను తగ్గించమని కాదు. మీ వీధిలో ఎన్ని ఇళ్ళకి వినియోగ మార్పు నమోదు చేశారు, ఏ ప్రాతిపదికన అని అడగండి. ఒక్క మీ ఇల్లే అయితే అదో సంగతి, వీధంతా అయితే ఇంకో సంగతి.

జీడిపిక్క | శుక్రవారం, ఉదయం 8:05

మాస్టారూ, ఆ అర్జీ నమూనా ఉంటే ఇక్కడే పెట్టండి. మా పారిశ్రామిక వాడలో ఇరవైమందిమి కలిసి ఇస్తాం.